దేవుడు ఎక్కడ ఇముడును?



పల్లె సంఘములను దర్శించినప్పుడు ఒక ప్రశ్న తరచుగా నా చెవిన పడుతుంది. "అయ్యగారూ, మాకింకా మందిరము లేదు. పాకలో కూడుకొంటున్నాము. పట్నములో పెద్ద మందిరములో చేసే ప్రార్థనకూ మా ప్రార్థనకూ తేడా ఉంటుందా?" మరికొందరు ఇంకొక విధముగా అడుగుతారు: "యెరూషలేము వెళ్లివచ్చినవారి ప్రార్థనకు బలము ఎక్కువా?" ఇక పని కొరకు దూరదేశము వెళ్లిన కుమారుడు అక్కడే చనిపోగా, అక్కడే సమాధి చేయబడగా, ఆ సమాధి మీద ఒక పువ్వైనా పెట్టలేని తల్లి ప్రశ్న ఉన్నది. ఆమె దానిని నోరు తెరచి అడగదు. ఆమె ముఖము చూచి మనమే గ్రహించాలి.

ఈ మూడూ వేరు వేరు ప్రశ్నలుగా కనబడినా వేరు ఒక్కటే. దేవునికీ చోటుకూ ఉన్న సంబంధమేమిటి? ఆది సంఘపు పెద్దలు మొదటి నాలుగు వందల సంవత్సరములు దీనిని గురించి ఎంతో ఆలోచించారు. ఊరికే తర్కము కొరకు కాదు, ఈ ప్రశ్న వారి ప్రాణముల మీదికి వచ్చింది గనుక ఆలోచించారు.

సుమారు 165వ సంవత్సరములో రోమా పట్టణములో జస్టిన్ అనే బోధకుడు, అతనితో మరి ఆరుగురు విశ్వాసులు రుస్తికస్ అనే నగరాధికారి యెదుట నిలువబెట్టబడ్డారు. అధికారి అడిగిన ప్రశ్నలలో ఒకటి, మీరు ఎక్కడ కూడుకొంటారు అన్నది. ఇది పోలీసు ప్రశ్న. చోటు తెలిస్తే మిగిలినవారినీ పట్టుకోవచ్చు. జస్టిన్ ఇచ్చిన జవాబు విచారణ వ్రాతలలో నిలిచియున్నది. ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ కూడుకొంటామనీ, క్రైస్తవుల దేవుడు ఒక చోటికి పరిమితుడు కాడనీ, కంటికి కనబడని ఆయన భూమ్యాకాశములను నింపియున్నాడు గనుక ప్రతి చోటా విశ్వాసులచేత ఆరాధింపబడుచున్నాడనీ దాని భావము. అధికారి వదలలేదు. మళ్లీ అదే అడిగాడు. తాను ఒక స్నానశాల మీది గదిలో కాపురమున్నాననీ, తన యొద్దకు వచ్చినవారికి అక్కడ బోధించాననీ, వేరే కూడిక స్థలము తనకు తెలియదనీ జస్టిన్ చెప్పాడు. ఆ ఏడుగురికీ మరణశిక్ష పడింది.

ఆ జవాబులో తోటివారిని కాపాడే జాగ్రత్త ఉన్నది, సందేహము లేదు. అయినా అది తప్పించుకొనుటకు చెప్పిన మాట మాత్రమే కాదు. జస్టిన్ పుట్టిన ఊరు ఏదో తెలిస్తే ఇది మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. అతడు సమరయ దేశములోని నెయాపొలి పట్టణములో పుట్టాడు. ఈ రోజున దానిని నాబ్లస్ అంటారు. దాని పక్కనే గెరిజీము కొండ, దానికి దగ్గరలోనే యాకోబు బావి. ఒక మధ్యాహ్నము ఆ బావి యొద్ద ఒక స్త్రీ మన ప్రభువును అడిగినది ఈ ప్రశ్నే గదా: ఆరాధించవలసిన చోటు ఈ కొండా, యెరూషలేమా? ఆమెకు ప్రభువిచ్చిన జవాబు యోహాను సువార్త 4వ అధ్యాయములో చదువుకొనండి. నూరేండ్లు దాటిన తరువాత అదే నేలమీద పుట్టినవాడు ఆ జవాబునే రోమా న్యాయపీఠము ముందు పలికి ప్రాణము పెట్టాడు.

ఈ బోధ హఠాత్తుగా పుట్టినది కాదు. సొలొమోను తాను కట్టించిన మందిరమును ప్రతిష్ఠించిన రోజుననే, ఆకాశ మహాకాశములు పట్టజాలని దేవునికి ఈ మందిరము ఏపాటిదని ఒప్పుకొన్నాడు (1 రాజులు 8:27). స్తెఫను అదే సంగతిని మహాసభలో చెప్పాడు, రాళ్లతో కొట్టబడ్డాడు. 70వ సంవత్సరములో రోమా సైన్యము యెరూషలేము దేవాలయమును కాల్చివేసింది. యూదులకు అది ఎంత గాయమో మనము ఊహించలేము. యూదా బోధకులు దేవుని నామమును పలుకకుండ ఆయనను "హామాకోమ్" అని పిలుచుట గలదు. ఆ హెబ్రీ మాటకు అర్థము "చోటు" అని. లోకము దేవునికి చోటు కాదు, దేవుడే లోకమునకు చోటు అని వారు వివరించారు. గుడి పోయిన జనమునకు ఆ మాట ఎంత ఆదరణయో ఆలోచించండి.

సుమారు 180వ సంవత్సరములో అంతియొకయ సంఘమునకు బిషప్పుగా ఉన్న థియోఫిలస్, అన్యుడైన ఒక స్నేహితునికి ఈ సంగతినే విడమరచి వ్రాశాడు. ఆయన వాదము మన రైతులకు వెంటనే తెలుస్తుంది. గాదెలో ధాన్యము పోస్తే ఏది పెద్దది? గాదెయే పెద్దది. పట్టియుంచేది ఎప్పుడూ పట్టబడిన దానికంటె పెద్దది. (గాదె నా ఉపమానము, తర్కము ఆయనది.) దేవుడు ఒక చోటులో ఇమిడియుంటే ఆ చోటు దేవునికంటె పెద్దదైపోతుంది. అది కాని పని. గనుక దేవుడు చోటులో లేడు, సమస్తమునకు ఆయనే చోటు. అయితే ఆదికాండము 3వ అధ్యాయములో దేవుడు తోటలో సంచరించినట్లున్నదే, అదెట్లు? థియోఫిలస్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. తండ్రి ఒక చోట పట్టుబడడు గాని, తండ్రి వాక్యమైన కుమారుడు వచ్చి ఆదాముతో మాట్లాడాడని జవాబిచ్చాడు.

అదే కాలములో లయోను సంఘ బిషప్పు ఐరేనియస్ మరొక పక్క పోరాడవలసి వచ్చింది. జ్ఞానవాదులనే దుర్బోధకులు, నిజమైన దేవుడు పైన ఒక పరిపూర్ణ లోకములో ఉన్నాడనీ, ఈ మట్టి, ఈ శరీరము, ఈ ప్రపంచము ఆ లోకమునకు బయట ఒక తక్కువవాని చేతిలో తయారైనవనీ బోధించారు. ఐరేనియస్ వారిని ఒక్క ప్రశ్నతో పట్టుకొన్నాడు. దేవునికి కంచె వేస్తే కంచెకు బయట ఏమున్నది? బయట ఉన్నది దేవుని చుట్టియుంటే, అది ఆయనకంటె గొప్పదగును గదా! దేవునికి బయట అంటూ ఏదీ లేదు. ఇది పండితుల మాటలాగ వినబడవచ్చు గాని, మన పొలము గట్టు మీద నిలబడి ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది. మనము దున్నే నేల వేరొక చిన్న దేవుని సొత్తు కాదు. పొలిమేరకు ఒకరు, చెరువుకు ఒకరు అని భాగములు లేవు.

ఇటువంటి దేవుని నమ్మినవారు ఎక్కడ కూడుకొన్నారు? ఇండ్లలో. అకుల ప్రిస్కిల్లల ఇంట, ఫిలేమోను ఇంట, నుంఫా ఇంట సంఘములుండినట్లు పౌలు పత్రికలలో చూస్తాము. గుడి లేదు, బలిపీఠము లేదు, విగ్రహము లేదు గనుక వీరు నాస్తికులని చుట్టుపక్కలవారు నిందించారు. జస్టిన్ తన విన్నపములో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. పట్టణములలోనివారు, పల్లెలలోనివారు ఒక్కచోటికి వచ్చెదరు. అపొస్తలుల వ్రాతలో, ప్రవక్తల వ్రాతలో సమయమున్నంతవరకు చదువుదురు. అధ్యక్షుడు బోధించును, అందరు లేచి ప్రార్థింతురు, రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొందురు. రాలేకపోయినవారికి పరిచారకులు వారి భాగము తీసికొనిపోవుదురు. కానుక విధవరాండ్రకు, తండ్రి లేని పిల్లలకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు చేరును. ఆ వర్ణనలో కట్టడము గురించి ఒక్క మాటైనా లేదు. నాకు ఇది చాలా ఇష్టమైన భాగము.

అటువంటి ఇల్లు ఒకటి ఈ కాలము వరకు నిలిచి బయటపడింది. సిరియా దేశములో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే కోట పట్టణముండేది. 1930ల మొదట్లో అక్కడ త్రవ్వకములు చేయుచుండగా, కోట గోడ ప్రక్క వీధిలో సాధారణమైన ఇల్లొకటి కనబడింది. సుమారు 240వ సంవత్సరములో విశ్వాసులు ఆ ఇంటిలో రెండు గదుల మధ్య గోడ తీసివేసి ఒక పొడవాటి గది చేసికొన్నారు. పొడవు సుమారు 13 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. ఒక చివర చిన్న అరుగు. మన ఊరి ప్రార్థన పాకలు కొన్ని దానికంటె పెద్దవే. పక్క గదిలో బాప్తిస్మపు తొట్టి, గోడల మీద రంగుల బొమ్మలు: గొఱ్ఱెను మోసే కాపరి, పరుపెత్తుకొని నడిచే పక్షవాయువుగలవాడు, నీళ్లమీద పేతురు, బావి యొద్ద ఒక స్త్రీ. ఆమె సమరయ స్త్రీయేనని చాలామంది పండితుల అభిప్రాయము. సుమారు 256వ సంవత్సరములో పారసీకులు ముట్టడించినప్పుడు, కోట గోడను బలపరచుటకు రోమా సైనికులు ఆ వీధి ఇండ్లను మట్టితో పూడ్చివేశారు. పట్టణము పడిపోయింది గాని ఆ మట్టి బొమ్మలను కాపాడింది. వాటిలో చాలా భాగము అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు తరలించబడింది.

అయితే చోటుకు విలువే లేదని ఆ పెద్దలు బోధించారనుకొంటే పొరపాటు. ఓరిజెన్ ప్రార్థనను గురించి వ్రాసిన పుస్తకములో పరలోకమందున్న మా తండ్రీ అనే మాటను వివరిస్తూ, తండ్రి ఆకాశములో ఒక చోట కూర్చున్నాడని అనుకోవద్దని హెచ్చరించాడు. ఏ చోటైనా ప్రార్థనకు తగినదేనన్నాడు. అదే పుస్తకములో, వీలైతే ఇంటిలో ప్రార్థన కొరకు ఒక ప్రశాంతమైన చోటు ప్రత్యేకించుకొమ్మని కూడా సలహా ఇచ్చాడు. విశ్వాసులు కలిసి కూడుకొనే చోట ప్రత్యేకమైన మేలున్నదని కూడా అన్నాడు. "దేవుడు అంతటా ఉన్నాడు గదా, నేను ఇంటి దగ్గరే ప్రార్థన చేసికొంటాను" అని ఆదివారము మంచము దిగని సహోదరులు ఈ చివరి మాట గమనించవలెను.

ఇక అన్నిటికంటె కష్టమైన ప్రశ్నను సంఘమునకు విరోధియైన సెల్సస్ వేశాడు. దేవుడు భూమి మీదికి దిగివస్తే, పైన ఆయన సింహాసనము ఖాళీ అయినదా? బేత్లెహేము పశువుల తొట్టిలో ఉన్న శిశువు దేవుడైతే, ఆ రాత్రి లోకమును ఎవరు నడిపారు? ఎగతాళికి వేసినదైనా ఇది నిజమైన ప్రశ్న. ఓరిజెన్ సుమారు 248లో దీనికి జవాబు వ్రాశాడు: దేవుడు దిగివచ్చుట అనగా మనము ఒక గది విడిచి మరొక గదిలోనికి పోయినట్లు కాదు. ఆయన వచ్చినప్పుడు ఒక చోటు ఖాళీ కాదు, మరొక చోటు కొత్తగా నిండదు.

తరువాతి శతాబ్దములో అలెక్సంద్రియ వాడైన అతనాసియస్ దీనిని ఇంకా స్పష్టము చేశాడు. మనుష్యుడు ఇంట్లో కూర్చుండి సూర్యచంద్రులను గురించి ఆలోచించగలడు గాని ఆ ఆలోచనతో వాటిని కదిలించలేడు. అతని ఆత్మ శరీరములో కట్టుబడియున్నది. ప్రభువు అట్లు కాదు. ఆయన శరీరములో ఉన్నాడు, ఆ శరీరమును వాడుకొన్నాడు, కాని ఆ శరీరములో బంధింపబడలేదు. మరియ ఒడిలో ఉన్న సమయములోనే సమస్తమును నిలువబెట్టుచున్నాడు. క్రిస్మసు రోజుల్లో పశువుల తొట్టి బొమ్మ కట్టేటప్పుడు మన సండేస్కూలు పిల్లలకు ఈ మాట ఒక్కసారైనా చెప్పాలి.

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. ఏ చోటికీ పరిమితుడు కాని దేవుడు నిజముగా ఒక చోట పుట్టాడు, ఒక చోట సిలువ వేయబడ్డాడు, ఒక చోట సమాధిలో ఉంచబడ్డాడు. ఆ చోట్లను ఏమి చేయాలి? హింసల కాలములో ఈ ప్రశ్న పెద్దగా లేవలేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలములో అది ముందుకు వచ్చింది. ఆయన సమాధి స్థలమని గుర్తించిన చోట గొప్ప మందిరము కట్టించగా 335లో దాని ప్రతిష్ఠ జరిగింది. యాత్రికులు రాసాగారు. బోర్దో పట్టణమునుండి, అనగా ఇప్పటి ఫ్రాన్సు దేశమునుండి, ఒకాయన 333లోనే వచ్చి దారిలోని మజిలీలన్నీ వ్రాసి పెట్టాడు. సుమారు 350లో యెరూషలేములో బోధించిన సిరిల్, బాప్తిస్మమునకు సిద్ధపడేవారికి గొల్గొతాను చేతితో చూపించి, ఇతరులు విన్నదానిని మనము చూస్తున్నాము, తాకుతున్నాము అనే భావముతో మాట్లాడాడు. అక్కడ నిలబడి బోధించే కాపరి అట్లు మాట్లాడకుండ ఎట్లుండగలడు?

నిస్సా పట్టణ బిషప్పు గ్రెగరీ వేరుగా వ్రాశాడు. ఆయన సంఘ పనిమీద 380 ప్రాంతములో యెరూషలేము వెళ్లి చూచి వచ్చినవాడే. ప్రభువు తన రాజ్యమును స్వతంత్రించుకొనేవారిని పిలిచినప్పుడు, యెరూషలేము యాత్రను వారి సత్క్రియలలో లెక్కపెట్టలేదని ఆయన ఒక ఉత్తరములో గుర్తుచేశాడు. పరిశుద్ధాత్మ అక్కడ ఎక్కువగా ఉంటే, ఆ పట్టణములో దొంగతనము, హత్య, వ్యభిచారము ఎందుకున్నవని అడిగాడు. చోటు మారినంత మాత్రమున దేవునికి దగ్గర కాలేమనీ, హృదయము చెడు తలంపులతో నిండియుంటే గొల్గొతా మీద నిలబడినా క్రీస్తుకు దూరమేననీ ఆయన భావము. మన ప్రొటెస్టంటు బోధకులకు ఈ ఉత్తరము మహా ఇష్టము. అయితే అదే గ్రెగరీ మరొక ఉత్తరములో ఆ పరిశుద్ధ స్థలములను చూచినప్పుడు కలిగిన సంతోషమును దాచుకోలేదు. రెండూ కలిపి చదవాలి.

జెరోము సంగతి మరీ విచిత్రము. ఆయన 386 నుండి 420లో మరణించేవరకు బేత్లెహేములోనే కాపురమున్నాడు. అక్కడ నివసిస్తూనే 395 ప్రాంతములో ఒక స్నేహితునికి, యెరూషలేమునుండియు బ్రిటను దేశమునుండియు పరలోకమునకు దారి సమానమేనని వ్రాశాడు. అదే ఉత్తరములో హిలారియన్ అనే భక్తుని పేరు ఎత్తాడు. హిలారియన్ పాలస్తీనా దేశములోనే పుట్టి, అక్కడే జీవించి, యెరూషలేమును ఒక్క రోజు మాత్రమే చూచాడట. దగ్గరనే ఉన్నవాటిని తృణీకరించినట్లు కనబడకుండ ఒక రోజు వెళ్లాడు. దేవుని ఒక చోటికి కట్టివేసినట్లు కనబడకుండ రెండవ రోజు వెళ్లలేదు. ఈ విషయములో ఇంతకంటె మంచి తూకము నాకు ఎక్కడా కనబడలేదు. శక్తి ఉన్నవారు యెరూషలేము వెళ్లి చూచి రండి, బైబిలు చదువుట మీకు తేటపడుతుంది. అప్పుచేసి, పొలము తాకట్టు పెట్టి వెళ్లవలసిన పని లేదని మాత్రము గట్టిగా చెప్పుతాను.

వెళ్లివచ్చినవారు యొర్దాను నీళ్లు సీసాలో, అక్కడి మట్టి పొట్లములో తెచ్చుట మనము చూస్తున్నాము. ఇదీ పాతదే. అగస్టీను తన గొప్ప గ్రంథమైన దేవుని పట్టణములో హెస్పేరియస్ అనే భూస్వామి సంగతి చెప్పాడు. అతని పొలములో పశువులు, దాసులు దురాత్మలవలన బాధపడగా ఒక సంఘ పెద్ద వెళ్లి ప్రార్థించాడు, బాధ తొలగింది. క్రీస్తు సమాధి స్థలమునుండి స్నేహితుడు తెచ్చియిచ్చిన మట్టిని హెస్పేరియస్ తన పడకగదిలో వ్రేలాడదీసికొన్నాడు. తరువాత దానిని ఏమి చేయాలో తెలియక బిషప్పులను అడిగాడు. అగస్టీను అతనిని గద్దించలేదు. అతడు కోరినట్లే ఆ మట్టిని ఒక చోట పాతిపెట్టి, దానిపై విశ్వాసులు కూడుకొనుటకు ప్రార్థన స్థలము ఏర్పాటు చేశారు. పడకగదిలో ఒకనికి కాపుగా వ్రేలాడినది అందరు కలిసి ప్రార్థించే నేలగా మారింది. నాకైతే ఈ మార్పు చాలా నచ్చింది.

ఆ అగస్టీను తల్లి మోనికా 387లో ఇటలీ తీరమున ఓస్తియా రేవులో, ఆఫ్రికాకు ఓడ ఎక్కుటకు ఎదురుచూస్తూ జ్వరపడింది. ఇంటికి సముద్రము అడ్డము. ఆమె ఎంతో కాలముగా తన ఊరిలో భర్త సమాధి ప్రక్కనే తనకూ చోటు సిద్ధము చేయించుకొన్నది. ఆ కోరిక ఇంటిల్లిపాదికీ తెలుసు. మరొక కుమారుడు నవిగియుసు, అమ్మ పరదేశములో గాక సొంత దేశములో కన్నుమూస్తే బాగుండునన్నాడు. ఆమె అతనివైపు నొచ్చుకొన్నట్లు చూచి, ఈ శరీరమును ఎక్కడైనా పెట్టండి, దాని గురించి కలవరపడకండి అన్నది. ప్రభువు బల్లయొద్ద తనను జ్ఞాపకము చేసికొమ్మని మాత్రము కోరింది. (మృతుల కొరకు ప్రార్థించుటను గూర్చి మన సంఘము వేరుగా బోధిస్తుంది, అది మరొక నెల సంగతి.) అంతకుముందే కుమారుని స్నేహితులు, ఇంత దూరములో శరీరమును విడిచిపోవుటకు భయము లేదా అని ఆమెను అడిగారు. దేవునికి ఏదీ దూరము కాదనీ, లోకాంతములో తనను ఎక్కడనుండి లేపాలో ఆయనకు తెలియదేమోననే భయము తనకు లేదనీ ఆమె జవాబిచ్చింది.

తొమ్మిదవ రోజున ఆమె ప్రాణము విడిచింది. వయస్సు 56వ యేట. అగస్టీను కన్నీళ్లు ఆపుకొన్నాడు, తరువాత ఒంటరిగా ఏడ్చాడు. ఆ ఏడుపును కూడా దాచకుండ వ్రాసుకొన్నాడు. ఓస్తియాలోనే సమాధి చేశారు. ఆమె ఎముకలు 1430లో రోమాకు తరలించబడ్డాయి. 1945లో ఓస్తియాలో గుడి ప్రక్క ఇద్దరు పిల్లలు ఆటకు గుంజ పాతుటకు గుంట త్రవ్వుచుండగా ఒక పాలరాతి ముక్క తగిలింది. దాని మీద లాటిను అక్షరములు. మోనికా సమాధికి వేసిన రాయి అది.